ఇంగ్లీషుకు చేపిన బర్రె

కిషన్‌బాగ్, హైదరాబాద్
1936 జూన్

మెదక్ గాలి తగలగానే మమ్మల్ని మరిచిన విమలకు,

ఆండాలు రాసేది. నీ కార్డు అందింది. అందులో హాస్టలు గోడల రంగు రాశావు, బావి లోతు రాశావు, నన్ను తలుచుకున్నట్టు మాత్రం ఒక్క ముక్క లేదు. పోనీలే. ఇన్నేళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని నీ మోచేతి పోట్లు తిన్నదాన్ని, ఈ మాత్రం ఓర్చుకోలేనా?

అసలు సంగతికి వస్తాను. మీ టీచర్ల ట్రైనింగు స్కూలు వాళ్ళు నా పరీక్ష కాగితం తిప్పి పంపారు. లెక్కలు బాగున్నాయట. ఉర్దూ బాగుందట. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి కాగితమంతా ఎర్ర సిరా. "ఈటింగ్ మై రైస్, ఐ వాష్డ్ మై హ్యాండ్స్" అని రాశాను. "తింటూ" కాదు, "తిని" అని రాయాలట. అన్నం తిన్నాను, చేతులు కడుక్కున్నాను. ఇందులో తప్పేముంది? అన్నం తిని చేతులు కడుక్కోని మనుషులు ఇంగ్లండులో ఉంటారేమో, కిషన్‌బాగ్‌లో లేరు.

జనవరిలో మళ్ళీ రాయవచ్చట. అదే ఆఖరుసారి, మూడోసారి కూర్చోనివ్వరట. బాపు "మల్ల రాయి బిడ్డా" అని పాలు పొయ్యడానికి పోయాడు. మా బాపమ్మ సంగతి నీకు తెలుసుగా, నాలుకకు ముడి లేదు. "ఈ పోరి మెదక్ పోతే బర్రె కింద ఎవలు కూసుంటరు? నా చేతులు సూడుండ్రి, బుక్క కలుపుతందుకే వంగుతలెవ్వు" అని వాడంతా వినేటట్టు అంది. ఆమె మాట అబద్ధం కాదు. అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో ఆడవాళ్ళం మేమిద్దరమే. పెద్ద బర్రె వట్టిపోయింది. చిన్నది, అదే మన దొరసాని, ఈ మధ్యే మొదటిసారి ఈనింది. ఆ పొదుగు మీద పడ్డ మొదటి చెయ్యి నాదే. చార్మినార్ దగ్గరి చాయ్ హోటలుకూ, పురానాపూల్ గల్లీల్లో వాడుక ఇళ్ళకూ ఇప్పుడు దాని పాలే పోతున్నాయి.

కాబట్టి నీకు దండం పెడతాను, ఆ తింటూ తినీ గొడవ ఏమిటో నాకు అర్థమయ్యేటట్టు రాయి. నాకు టీచరు కావాలని ఎంత ఉందో నీకు చెప్పనక్కర్లేదు.

నీ ఆండాలు


మెదక్
1936 జూలై

చేతులు కడుక్కునే ఆండాలుకు,

నీ వాక్యం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. కోపం తెచ్చుకోకు, ఇక్కడ నవ్వుకోవడానికి వేరే ఏమీ లేదు. హాస్టలు మజ్జిగ అంతా నీళ్ళే, అందులో మజ్జిగ ఏదో వెతుక్కోవాలి.

విను. "ఈటింగ్ మై రైస్" అంటే అన్నం తింటూ అని. నువ్వు రాసిన దాని ప్రకారం ఒక పక్క ముద్ద నోట్లో పెట్టుకుంటూనే, అదే చేతి మీద చెంబుతో నీళ్ళు పోసుకున్నావు. కంచంలో చారు ఎక్కువయ్యేది తప్ప లాభం లేదు. తినడం అయిపోయాకే కదా కడుక్కున్నావు? అప్పుడు "హ్యావింగ్ ఈటెన్ మై రైస్" అనాలి. తిని అన్నమాట.

రెండు పనులు పక్కపక్కన నడుస్తుంటే మొదటి మాట. ఒకటి పూర్తయ్యాకే రెండోది మొదలైతే రెండో మాట. ఇంగ్లీషువాడు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. పిండుతూ, పిండి. పుట్టినప్పటి నుంచి నీ నోట్లో ఉన్నవే. నువ్వు పాలు పిండుతూ పాట పాడతావు. పాలు పిండి, దుడ్డెను వదులుతావు. పిండుతూ దుడ్డెను వదిలితే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

ఒక ఉపాయం చెబుతాను. పొద్దునా సాయంత్రం ఎలాగూ బర్రె కింద కూర్చుంటావు. పాటలు మాని ఇవి చదువు. పిండుతున్నంతసేపూ "మిల్కింగ్ ది బఫెలో, ఐ సే మై లెసన్" అను. చెంబు నిండాక లేస్తూ "హ్యావింగ్ మిల్క్డ్ ది బఫెలో, ఐ అంటై ది కాఫ్" అను. పని చేస్తూ నేర్చుకున్నది పోదు. మా నాన్న రైల్వే కారఖానాలో రంపం లాగుతూ ఎక్కాలు నేర్చుకున్నాడు, ఇప్పటికీ ఆయన పద్దెనిమిదో ఎక్కం చెబితే దూలం కోస్తున్నట్టే ఉంటుంది.

నిన్ను తలుచుకోలేదన్నావు. తలుచుకుంటే ఏడుపు వస్తుంది, అందుకని బావి లోతు రాశాను.

విమల


కిషన్‌బాగ్
1936 సెప్టెంబరు

గురువమ్మకు శిష్యురాలి దండాలు,

నీ ఉపాయం పారింది! మొదటి రోజు దొరసాని చెవులు రెండూ నా వైపు తిప్పి, నెమరు ఆపి, నన్ను పై నుంచి కింది దాకా చూసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, చక్కగా నిలబడింది. ఇప్పుడు రెండు పూటలా నా పాఠమే దానికి పాట. గంజి తాగుతూ ఒకటి, గంజి తాగి ఒకటి, గడ్డి కోస్తూ ఒకటి, గడ్డి కోసి ఒకటి అల్లుకుంటూ పోతున్నాను. ముచుకుంద నది దాకా, అదే మన మూసీ దాకా, బర్రెలను కడగడానికి తోలుకుపోతూ కూడా ఇవే. పక్కింటి పుష్పమ్మ నాకు గాలి సోకిందని నిమ్మకాయ తెచ్చింది.

బాపమ్మ మాత్రం గడపలో కూర్చుని గొణుగుతుంది. "బర్రె ముంగట ఆ మంత్రాలేందే? దానికి దొరసాని అని పేరు పెడితే నిజంగనే దొరసాని అయిపాయె. ఇగ రేపటి సంది కుడితి గూడ పింగాణి కప్పుల పొయ్యాల్నా?"

మొన్న నాకు జ్వరం వచ్చి ఒక పూట లేవలేదు. బాపు కూర్చున్నాడు. దొరసాని చెంబును ఒక్క తన్ను తన్నింది. దాని మీద కూడా వాక్యం రాశాను, దిద్ది పంపు: "హ్యావింగ్ కిక్డ్ ది పాట్, బాపు స్కోల్డెడ్ దొరసాని." తన్నడం ముందు, తిట్టడం తర్వాత. ఈసారి ఎర్ర సిరా పడదు చూడు.

ఆండాలు


మెదక్
1936 అక్టోబరు

ఆండాలూ,

ఎర్ర సిరా బుడ్డి మొత్తం ఒలికింది. నీ వాక్యం ప్రకారం చెంబును తన్నింది మీ బాపు. తానే తన్ని, పాపం నోరులేని బర్రెను తిట్టాడట. తెలుగులో అని చూడు: "చెంబు తన్ని బాపు దొరసానిని తిట్టాడు." ఎవరైనా ఏమనుకుంటారు? ముందు పని ఎవరిదో తర్వాత పనీ వాళ్ళదే కావాలి. మీ బాపు కృష్ణయ్య బాబాయికి నా తరఫున క్షమాపణ చెప్పు.

అది తప్ప నువ్వు విడి కాగితం మీద పంపిన మిగతావన్నీ బాగున్నాయి. నిజంగా. "హ్యావింగ్ వాష్డ్ ది బఫెలోస్, ఐ సాట్ బై ది రివర్" అన్నది చదివినప్పుడు నాకు మూసీ గట్టు కళ్ళ ముందు కనిపించింది. నువ్వు గెలుస్తావు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. పరీక్ష జనవరి మొదటి వారం. ఒక్క రాత పరీక్ష కాదు. వారం రోజులు ఇక్కడే ఉండాలి. నోటితో అడుగుతారు, పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పిస్తారు. నెగ్గినవాళ్ళను ఆ వారం చివరే చేర్చుకుంటారు. పెద్ద టీచరమ్మగారితో నీ గురించి చెప్పాను. "మా ఆండాలు ఒకసారి పడింది, రెండోసారి పడదు" అన్నాను. నా మాట మీద నా పక్క మంచం ఖాళీగా ఉంచారు. వచ్చేటప్పుడు లాడ్ బజార్‌లో నాకు ఆకుపచ్చ గాజులు తే. రాళ్ళు వద్దు, ఉత్తవి చాలు.

విమల


కిషన్‌బాగ్
1936 నవంబరు

విమలా,

గాజులు లేవు, ఏమీ లేవు. నేను రావడం లేదు. ఆ మంచం ఎవరికైనా ఇప్పించు.

ఏం జరిగిందో చెబుతాను, నవ్వకు. మెదక్ వెళ్ళే వారం కోసం బాపును అలవాటు చేద్దామని దొరసాని కింద కూర్చోబెట్టాను. చుక్క రాలేదు. నీకు పాడి సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను: బర్రె తనంతట తాను పాలు పొదుగులోకి విడవాలి. దాన్నే చేపడం అంటాం. అది చేపకపోతే లోకంలో ఎవరు లాగినా రావు. సాధారణంగా దుడ్డె మూతి పెట్టగానే చేపుతుంది. కొన్ని బర్రెలకు చెయ్యి అలవాటు, కొన్నిటికి పాట అలవాటు. పుష్పమ్మ వాళ్ళ బర్రె గాజుల చప్పుడుకు చేపుతుంది. మా దొరసాని దేనికి అలవాటు పడిందో ఊహించుకో.

దుడ్డెను వదిలాం. ఉప్పు నాకించాం. బాపు ఉర్దూలో బతిమాలాడు, ఉర్దూలోనే తిట్టాడు. బాపమ్మ పాత ఉయ్యాల పాట ఎత్తుకుంది. దొరసాని గోడను చూస్తూ నిలబడింది. చివరికి నేను ఇవతలి నుంచి, ఉత్తగా చూద్దామని, "మిల్కింగ్ ది బఫెలో" అన్నాను. అంతే! చన్నులు నిండి ధార తనకు తానే కారింది.

బాపమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓ నర్సింహసామీ! ఏడు తరాల సంది పాలు పిండుకొని బతికినోళ్ళం. మా కొంపల బర్రె ఇంగిలీసుకు చేపవట్టె!"

ఆ రోజు హోటలుకు పాలు ఆలస్యమైతే సేఠ్ "క్యా క్రిష్ణయ్యా, భైంస్ సోగయీ క్యా?" అని, బర్రె నిద్రపోయిందా అని నవ్వాడట. ఒక రోజైతే నవ్వుతాడు. వారమైతే ఇంకొకరి దగ్గర పోయించుకుంటాడు. అప్పుడు మేమేం తినాలి? ఇదంతా నీ ఉపాయం వల్లే. పాటలు పాడుకునేదాన్ని పాడుకోనివ్వక పాఠాలు చదవమన్నావు. బాగా అయింది నాకు.

ఆండాలు


మెదక్
1936 నవంబరు

ఆండాలూ,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత రెండోసారి చదివాను, ఒళ్ళు మండింది.

నీకు భయం వేసింది. బర్రె కాకపోతే వానో, పక్కింటి పెళ్ళో అడ్డం వచ్చేది. మళ్ళీ ఎర్ర సిరా పడుతుందేమోనని దొరసాని తోక చాటున నక్కుతున్నావు. నేనేమో పెద్ద టీచరమ్మగారి ముందు నీ కోసం మాట ఇచ్చి, రోజూ ఆ ఖాళీ మంచం మీద దుప్పటి దులుపుతున్నాను. నాకిక్కడ మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు. నువ్వు వస్తావనే ఓర్చుకుంటున్నాను. ఇది ఇంతకు ముందు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఇక బర్రె సంగతి. దానికి అర్థం కావాలా? వ్యాకరణం కావాలా? ఆ చప్పుడు కావాలి. ఎవరు అంటే ఏమిటి? ఆగమ్మ బాపమ్మ చేతులు వంగకపోతే బాపు పిండుతాడు, ఆమె పక్కన కూర్చుని అనాలి. ఆమెకు నేర్పు. నీది టీచరు పనే కదా, మొదటి శిష్యురాలు ఇంట్లోనే ఉంది. ఆమెకు నేర్పలేనిదానివి రేపు ముప్పై మంది పిల్లలకు ఏం నేర్పుతావు?

విమల


కిషన్‌బాగ్
1936 డిసెంబరు

విమలా,

నీ ఉత్తరం నాలుగు రోజులు పెట్టెలో పడేశాను. ఐదో రోజు తీసి చదివితే నువ్వన్నది నిజమే అనిపించింది. భయమే. మళ్ళీ పడితే బాపు ముఖం ఎలా చూడనని భయం. కోపంగా రాసినందుకు నన్ను ఏమీ అనకు.

బాపమ్మను అడిగాను. ఇంటి పైకప్పు లేచింది. "నా నోట్ల దొరల మాటలా? పండ్లున్నప్పుడే రాలె, పండ్లూడినంక వస్తయా? నీకు పోబుద్దయితే పో, బర్రెను గూడ ఎంబడి తోల్కపో. మెదక్‌ల గడ్డి లేదా?"

ముసలి నోటికి రాదులే అని బాపుతో అని, ఆయనకే నేర్పాను. బాపుకు ఇంగ్లీషు బాగానే వచ్చింది, కానీ ఆయన గొంతు వీధిలో పాలు కేకేసే గొంతు. దొరసాని ఉలిక్కిపడి తలుగు తెంపుకోబోయింది. దానికి ఆడగొంతు కావాలట.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. నిన్న పొద్దున నేను పాఠం అంటూ పిండుతున్నాను. బాపమ్మ గోడ అవతల బియ్యం చెరుగుతోంది. నేను ఊపిరి కోసం ఆగితే చాట చప్పుడు కూడా ఆగింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ మొదలైంది. తొంగి చూస్తే పెదవులు కదులుతున్నాయి. "ఏంది చూస్తున్నవ్? నా దేవుని పేరు నేను తల్సుకుంటున్న" అంది. ఏ దేవుడి పేరులో "హ్యావింగ్" ఉందో నేను అడగలేదు.

ఆమె ఊ అనలేదు, ఊహూ అనలేదు. బాపు మాత్రం టికెటు కొన్నాడు. "పాలు రాకపోతే కబురు చేస్త, మల్ల బస్సెక్కి వచ్చెయ్యి" అన్నాడు. అంటే పరీక్ష మధ్యలోనైనా లేచి రావాల్సిందే. అలాగే అని ఒప్పుకున్నాను. ఆకుపచ్చ గాజులు కొన్నాను. మంచం దులిపి ఉంచు.

ఆండాలు


మెదక్
1937 జనవరి

బాపుకూ, బాపమ్మకూ ఆండాలు నమస్కారాలు.

బాపూ, నెగ్గాను! ఇంగ్లీషులో కూడా. నోటి పరీక్షలో పెద్ద టీచరమ్మగారు "తింటూ"కూ "తిని"కీ తేడా పిల్లలకు చెప్పినట్టు చెప్పమన్నారు. నేను మోకాళ్ళ మధ్య చెంబు ఉన్నట్టే కూర్చుని చెప్పాను. పిల్లలు నవ్వారు, ఆవిడా నవ్వారు. విమల తలుపు చాటు నుంచి వింటూ కొత్త గాజు ఒకటి విరగ్గొట్టుకుంది.

ఇక్కడ రెండు రోజుల్లో తరగతులు మొదలవుతాయి. కానీ వారం గడిచినా మీ దగ్గర నుంచి కబురు లేదు. పాలు వచ్చాయనీ లేదు, రాలేదనీ లేదు. నాకు రాత్రి అన్నం దిగడం లేదు. దొరసాని ఎలా ఉంది? వచ్చేయమంటే వచ్చేస్తాను, నిజంగా చెబుతున్నాను. ఉండమంటేనే ఉంటాను. దాచకుండా రాయండి.

మీ ఆండాలు


కిషన్‌బాగ్
1937 జనవరి

చిరంజీవి ఆండాలును, స్నేహితురాలు విమలను ఆశీర్వదించి కృష్ణయ్య రాసేది. ఇది నా ఉత్తరం కాదు. అమ్మ చెబుతుంటే రాస్తున్నాను. ఒక్క మాట మార్చినా ఊరుకోనంది, కాబట్టి తిట్లు కూడా ఉంటాయి.

ఆండాలూ, బాపమ్మను మాట్లాడుతున్న.

కబురు లేదని ఏడుస్తున్నవా? చెప్తే నువ్వు ఆడ సగం పరీక్షల లేచి ఉరుకుతవని చెప్పలె. నువ్వు పోయిన నాడు పొద్దుగాల దొరసాని సుక్క ఇయ్యలె. పొద్దుమూకి గూడ ఇయ్యలె. పొదుగు గట్టిపడి రాయి లెక్కయింది. పుష్పమ్మ ఇంట్ల పాలు తీస్కొని మీ నాయిన వాడుకోళ్ళకు పోసిండు. తెల్లారి గూడ గంతే. మీ నాయిన చెప్పులేసుకుండు, "కబురు చేస్తనే అమ్మా" అన్నడు. చెయ్యమనే అందామనుకున్న. కాని జర ఆగు కొడకా అన్న.

అప్పుడు పోయి దాని పక్కకు కూసున్న. ఎవ్వలు లేరని చూస్కొని మెల్లగ అన్న. మిల్కింగు ది బఫలో. ముసలి నోటికి రాదంటివి గదా మీ నాయినతోని, నేను విన్న. వచ్చింది. ఉయ్యాల పాట రాగంల పెట్టి అన్న, గప్పుడు ఇంక మంచిగొచ్చింది. దొరసాని చెవులు రెండు నా దిక్కు తిప్పింది. మీ నాయిన చెప్పులిడిచి చెంబు తెచ్చిండు. పొంగి పొర్లింది బిడ్డా! నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్, పాలు చూసి గాదు.

ఇప్పుడు రోజు నేనే. వాడల ఆడోళ్ళు వింటందుకు వస్తున్నరు. ఆ పుష్పమ్మ నాకు గూడ గాలి సోకిందని నిమ్మకాయ తెచ్చింది. అచారు పెట్టిన.

మీ నాయినను అడిగిన, ఇవి రెండు మాటలేంది, ఒక్కటి సాలదా అని. చెప్పిండు. సమజయింది. గా రెండో మాటే నీకు నేను చెప్పేది. సదువుకుంట సదువుకుంట నడ్మ లేచి రాకు. అంత సదివి రా. టీచరమ్మవై రా. బర్రె ఫికర్ నీకొద్దు.

నువ్వు లేని ఇల్లు నాకు మంచిగ లేదు, దాచేదేముంది. మస్తు యాదికొస్తున్నవ్. అందుకే ఇన్ని దినాలు బర్రె, బర్రె అని మొత్తుకున్న. కాని పొద్దుమాపు గా మాటలు అంటుంటే కొట్టంల నువ్వే మాట్లాడుతున్నట్టుంటది. దొరసానికి గూడ గంతేనేమో, ఎవలకు ఎర్క!

విమలకు చెప్పు, నీ మజ్జిగ ముచ్చట విన్న. వచ్చే బస్సుల గట్టి పెరుగు కుండ పంపుతున్న, ఇద్దరు తినుండ్రి. తిని చేతులు కడుక్కోండ్రి.

ఇంకొకటి. ఉన్నయన్ని పాతయైనయ్, దొరసానికి ఇసుగొస్తున్నట్టుంది. కొత్తయి నాలుగు రాసి జల్ది పంపు. మీ నాయినకు సమజయ్యేటట్టు తెలుగు అచ్చరాలల్ల రాయి.

బర్రెకే. నాకు గాదు.

ఆగమ్మ వేలిముద్ర